మండెడి మంచుగడ్డ

మా పాఠశాల వార్షిక సంచికకు ప్రతియేడును మేమేదో యొక వ్యాసము వ్రాయుట వాడుక. క్రిందటి సంవత్సరములలో చెట్ల పెంపకమును గూర్చియు, ఇంటి శుభ్రతను గూర్చియు, మంచి చేవ్రాతను గూర్చియు వ్రాసియుంటిమి. అవి యన్నియు బాలబాలికలు నేర్చుకొనవలసిన సంగతులు. ఈ యేడు మేము నేర్చుకొనిన సంగతి యొకటి వ్రాయ నుద్దేశించితిమి. ఇది మా తప్పుతో మొదలగుచున్నది. ఉపాధ్యాయుని తప్పును చదువుట కుత్సాహపడని విద్యార్థి యుండడు గావున, ఈ వ్యాసమును మాత్రము చివరివఱకు చదువుదురని నమ్ముచున్నాము.

2017 వ సంవత్సరము జూను నెలలో, వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన మొదటి వారమున, తొమ్మిదవ తరగతిలో పదార్థముల మూడు స్థితులను గూర్చి పాఠము చెప్పుచుంటిమి. కర్నూలులో నింకను వాన పడలేదు. తరగతి గది కప్పు నాపరాతి బండలది. మధ్యాహ్నమునకు అవి పెనమువలె కాగియుండెను. మంచుగడ్డ యను మాట మా నోట వచ్చినంతనే పిల్లల ముఖములు విప్పారెను. అప్పుడు కడపటి బల్లమీద కూర్చుండిన బాలు డొకడు లేచి, "సార్, మంచుగడ్డ మండుతాదంట గదా?" అని యడిగెను.

మేము నవ్వితిమి. "మంచు కరగును గాని మండదు. మీ యింటిలో పొయ్యిలోనికి కట్టెలకు బదులు మంచుగడ్డలు పెట్టుదురా?" అంటిమి. తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. ఆ బాలుడు చొక్కా జేబులోనుండి నూనె మరకలు గల పత్రిక ముక్క నొకదానిని సగము తీసి, మరల మడిచి లోపల పెట్టుకొని కూర్చుండెను. అతడు దానిని మడుచుట మేము చూచితిమి. అదేమని యడుగలేదు. గంట మ్రోగెను, పాఠము ముగిసెను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బోధనాపద్ధతులు నేర్పిన వృద్ధ గురువొకరు, పిల్లవాని ప్రశ్నకు నవ్వు సమాధానము కాదనియు, తెలియని యెడల తెలియదని చెప్పుటయే ఉపాధ్యాయునికి మర్యాద యనియు పలుమారు చెప్పెడివారు. ఆ మాటను నోటుపుస్తకమున వ్రాసికొని, పరీక్షలో వ్రాసి, మార్కులు సంపాదించి, ఇరువది యేండ్లలో మఱచిపోయితిమి. మఱునాడు బాలుని పిలిచి ఆ కాగిత మిమ్మంటిమి. వాడు భయపడుచు నిచ్చెను. అది మిరపకాయ బజ్జీలు పొట్లము కట్టిన దినపత్రిక ముక్క. చైనా దేశమువారు సముద్రపు టడుగున నున్న మంచువంటి పదార్థమునుండి మండెడి వాయువును తీసిరని అందులో సగము వార్త యుండెను. మిగిలిన సగము చిరిగిపోయినది. ఆ సగమును మేము వెదకవలసి వచ్చెను.

వెదకగా తెలిసిన దేమనగా, బాలుడు చెప్పినది నిజము, మేము చెప్పినది తప్పు. మండెడి మంచు కలదు. దానికి మీథేన్ హైడ్రేటని పేరు. మీథే ననగా నేమో మన పల్లెలవారికి తెలియనిది కాదు. పేడతొట్టిలో పుట్టు గోబరు గ్యాసులో ముఖ్యభాగ మదియే. ఒక కర్బన పరమాణువునకు నాలుగు ఉదజని పరమాణువులు కూడిన యతి సామాన్యమైన వాయువు. ఇటలీ దేశమున వోల్టా యను శాస్త్రజ్ఞుడు 1776 లో నొక సరస్సు నంచున బురదను కఱ్ఱతో కెలికి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, దీనిని కనుగొనెను. నీరు మిగుల చల్లనై, దానిపై గొప్ప పీడన మున్నపుడు, నీటి యణువులు ఒండొంటితో చేయి చేయి కలిపి చిన్న చిన్న పంజరములవలె కూర్చుకొనును. ఒక్కొక పంజరమున నొక్కొక మీథేన్ అణువు చిలుకవలె చిక్కుకొనును. చూచుటకు తెల్లని మంచు; అగ్గిపుల్ల చూపినచో మంటతో మండుచు, క్రింద నీరై కారును. అట్టి గడ్డ యొక లీటరు కరగినచో, సుమారు 160 లీటర్లకు మించిన వాయువును, ముప్పాతిక లీటరునకు కొంచెము పైగా నీరును వచ్చును.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి గూడ కాదు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1810 ప్రాంతమున క్లోరిన్ వాయువు నీటితో కలిసి యిట్లు గడ్డకట్టుటను చూచెను. 1934 లో హామర్‌ష్మిట్ అను నమెరికా దేశస్థుడు, చలికాలమున గ్యాసు గొట్టములు పూడిపోవుటకు కారణము నీటిమంచు కాదు, ఈ హైడ్రేటే యని చూపెను. అంతవఱకు పరిశ్రమవారికి అది యొక పీడ. 1960 ల తరువాత సైబీరియా గడ్డనేలలోను, పిమ్మట సముద్రముల యడుగునను నిది సహజముగనే యున్నదని రష్యా శాస్త్రజ్ఞులును, తక్కినవారును కనుగొనిరి. పీడగా నుండినది నిధిగా మారెను.

ఒక వారము గడచిన పిమ్మట మేము తొమ్మిదవ తరగతి ముందు నిలిచి, "ఆనాడు మీ స్నేహితుడు చెప్పినది సత్యము. మేము తెలియక నవ్వితిమి. మాతో కూడ మీరును నవ్వితిరి. మన మందఱము అతనికి ఋణపడితిమి" అని చెప్పితిమి. తరగతి నిశ్శబ్ద మయ్యెను. ఇరువది యేండ్ల యుద్యోగములో నంత నిశ్శబ్దమును బెత్తము చూపి గూడ సంపాదింపలేకపోయితిమి. బాలుడు తల యెత్తలేదు. కాని వాని చెవులు ఎఱ్ఱబారుట చూచితిమి.

ఆ సెప్టెంబరులో వానలు పడిన పిదప, కర్నూలు–కడప కాలువ ప్రక్క నున్న యొక కుంటకు పిల్లలను తీసికొనిపోయి, వోల్టా చేసిన పనిని మేమును చేసితిమి. నీటితో నింపిన సీసాకు గరాటు నమర్చి, తలక్రిందుగా నీటిలో పట్టి, క్రింది బురదను కఱ్ఱతో కెలికితిమి. బుడగలు గబగబ పైకివచ్చి సీసాలో చేరెను. ఒడ్డుకు తెచ్చి, పిల్లలను దూరముగ నిలిపి, సీసామూతికడ నిప్పు చూపగా, పగటివెలుతురులో కనబడీ కనబడనట్టి నీలపు మంట యొక క్షణము లేచి యారిపోయెను. ఆ బురదలో నేమున్నది? రాలిన ఆకులు, చచ్చిన గడ్డి. గాలి తగులని చోట కంటికి కనబడని సూక్ష్మజీవులు వానిని తిని, మీథేనును విడుచును. సముద్రపు టడుగునను జరుగుచున్న దిదియే. కుంట పెద్దది, కాలము పొడుగు, అంతే భేదము.

ఇక మన తెలుగుదేశపు సంగతి. కృష్ణా గోదావరి నదులు సముద్రమున కలియు చోటికి దూరముగా, బంగాళాఖాతపు లోతులలో ఈ మంచు కలదు. భారత ప్రభుత్వము 1997 లో దీనికై యొక జాతీయ కార్యక్రమము నారంభించినది. శబ్దతరంగములను సముద్రగర్భమునకు పంపి, మరలివచ్చు ప్రతిధ్వనులనుబట్టి మంచుపొర క్రింది యంచును గుర్తించు విద్యలో హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు పెక్కేండ్లు పనిచేసిరి. వైద్యుడు రోగి వీపుమీద వ్రేలితో తట్టి లోపలి సంగతి తెలిసికొనునట్టి పని యది. కాని తట్టి చూచుట వేరు, తొలిచి చూచుట వేరు. 2006 లో ఏప్రిలు నెలాఖరునుండి ఆగష్టు వఱకు జాయిడెస్ రిజొల్యూషన్ అను నోడ మన సముద్రములలో 21 చోట్ల 39 రంధ్రములు తొలిచినది. కృష్ణా గోదావరి ప్రాంతమున నొకచోట, సుమారు 1,000 మీటర్ల నీటి క్రింద, దాదాపు 130 మీటర్ల మందమున మంచుతో నిండిన బంకమట్టి బయల్పడెను. దాని పీడనము తగ్గిపోకుండ బిగించిన గొట్టములలో నమూనాలను పైకి తెచ్చి పరీక్షించిరి.

అయితే ఆ మంచు బంకమట్టి చీలికలలో నుండెను. కర్నూలు పిల్లలకు దీనిని వివరింప వలసిన పని లేదు. వేసవిలో మన నల్లరేగడి చేలు నెఱ్ఱెలు విచ్చుట మీరెఱుగుదురు. ఆ నెఱ్ఱెలలో మంచు పోసి నింపినట్లు ఊహించుకొనుడు. నెఱ్ఱెలలోనిది కంటికి కనబడును; కాని రేగడిగుండ నీరు గాని వాయువు గాని సులభముగ కదలదు. ఇసుకయైనచో కదలును. హంద్రీ యిసుకలో చెలమ త్రవ్వినచో నీరు తనంతట తా నూరివచ్చుట అందువలననే. కావున ఇసుకలో నిండిన మంచు కావలసి యుండెను. 2015 లో మార్చినుండి జూలై వఱకు, జపానువారి చిక్యూ అను నోడ (ఆ పేరునకు వారి భాషలో భూమి యని యర్థము) మన తూర్పు సముద్రమున 1,500 మొదలు 2,800 మీటర్ల లోతు గల నీటిలో 25 చోట్ల 42 రంధ్రములు తొలిచినది. అప్పుడు కృష్ణా గోదావరి లోతులలో ఇసుక పొరలలో సమృద్ధిగ నిండిన మంచు దొరకెను. ఈ పనిలో తోడ్పడిన అమెరికా భూగర్భ పరిశోధన శాఖవారు 2016 జూలైలో ఈ సంగతిని లోకమునకు ప్రకటించిరి.

ఈ భాగము చదువుచుండగా మాకు 2009 అక్టోబరు రెండవ తేదీ జ్ఞాపకము వచ్చెను. ఆనాడు తుంగభద్రయు హంద్రీయు పొంగి కర్నూలు పట్టణమును ముంచివేసినవి. మేము పాతపట్టణములో నద్దెయింట నుంటిమి. మిద్దెమీద రాత్రి గడిపి, నీరు తీసిన తరువాత దిగి చూడగా, మా పుస్తకములును బియ్యమును మంచములును ఒకే రంగు బురదలో కలిసి యుండెను. ఆ యొండుమట్టిని పారతో నెత్తిపోయుటకు రోజులు పట్టెను. అప్పుడు ఆ బురదను ద్వేషించితిమి. తరువాత తెలిసిన దేమనగా, ఎగువ నేలలను కోసి, మన యూరిమీదుగ కృష్ణలోనికి, కృష్ణనుండి సముద్రములోనికి ఒండుమట్టి పోవుట లక్షలయేండ్లుగ జరుగుచున్నది. ఇప్పుడు శ్రీశైలము మొదలగు ఆనకట్టలు దానిలో పెద్దపాలును పట్టి నిలుపుచున్నవి. అవి లేని కాలమున నంతయు సముద్రమునకే చేరెడిది. ఆ మట్టితో పోయిన ఆకు అలమే సూక్ష్మజీవుల కాహారమై, మీథేనై, చలిలో మంచై యున్నది. సముద్రము మాకు దూర మనుకొనుచుంటిమి. మా గుమ్మములోనుండియే దానికి దారి యున్నది.

మఱి ఇంత నిధి యుండగా తీసికొనరేల యని పిల్ల లడిగిరి. తీయుటలోనే కష్ట మున్నది. బొగ్గువలె త్రవ్వి తెచ్చుటకు వీలు లేదు; పైకి తెచ్చుచుండగనే కరగి వాయువు చెదరిపోవును. కావున బావి తొలిచి, లోపలి నీటిని తోడి, పీడనమును తగ్గించి, మంచు తానున్న చోటనే విడిపోవునట్లు చేయవలెను. విడిపోవునపుడు అది చుట్టునున్న వేడిని పీల్చుకొని తన్ను తానే చల్లార్చుకొనును. అందుచే ప్రవాహము మందగించును. ఇసుకయు కొట్టుకొని వచ్చును. 2013 మార్చిలో జపానువారు సముద్రపు మంచునుండి మొదటిసారిగ ఆరు దినములు, సుమారు 1,20,000 ఘనపు మీటర్ల వాయువును తీసిరి. ఆపై బావిలోనికి ఇసుక వచ్చి పని నిలిచిపోయెను. 2017 లో చైనావారు దక్షిణ సముద్రమున 60 దినములు తీసిరి. అదియే మా బజ్జీల పొట్లములోని వార్త. 2020 లో వారే 30 దినములలో 8,61,400 ఘనపు మీటర్లు తీసిరి. ఇవి యన్నియు పరీక్షలే. సముద్రపు మంచునుండి వాయువును తీసి వ్యాపారముగ నమ్మినవారు ఏ దేశమునను లేరు.

మన దేశపు మంచులో 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల వాయువు కలదని పూర్వ మొక యంచనా వేసిరి. ఈ యంకెను తరగతిలో చెప్పగా పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేము వారిని ఆపి, "పొలములో నెన్ని గింజలు మొలచునో లెక్కవేయుట యంచనా, కల్లములో కొలిచినది పంట. ఇంకను కల్లమునకు రాలేదు" అంటిమి. సేద్యపుటిండ్ల పిల్లలు గావున వెంటనే గ్రహించిరి.

అపాయములును లేకపోలేదు. 1995 జనవరిలో గోదావరి సీమలోని పాశర్లపూడి కడ గ్యాసుబావి యంటుకొని రెండు నెలలకు పైగా మండుటను, మేము చిన్నతనమున పత్రికలలో చూచి భయపడితిమి. భూమిమీద మంట యందఱికి కనబడును. సముద్రమున కారిన మీథేను కనబడదు. ఆకాశమున చేరిన మీథేను నూఱేండ్ల లెక్కలో బొగ్గుపులుసు గాలికంటె సుమారు 28 రెట్లు ఎక్కువగ భూమిని వేడెక్కించును. అదే మీథేనును జాగ్రత్తగ మండించినచో, అంతే వేడి నిచ్చు బొగ్గునుండి వచ్చు బొగ్గుపులుసు గాలిలో సగమే వచ్చును. చేతిలో పట్టుకొనినచో సేవకుడు, చేయి జారినచో శత్రువు.

ఇంతవఱకు చెప్పినది పుస్తకముల సంగతి. ఇక మేము జవాబు చెప్పలేకపోయిన సంగతి. కుంటయొద్దనుండి మరలి వచ్చుచుండగా ఆ బాలుడు వెనుకబడి, మాతో కూడ నడచుచు, "ఈ గ్యాసు మాయమ్మకి ఎప్పుడొస్తాది సార్?" అని యడిగెను. ఎందుకట్లడిగితివంటిమి. వాడు చెప్పలేదు. ఆ శనివారము సాయంకాలము వాని యూరికి పోయితిమి.

ఒక గది యిల్లు. ఒక మూల గ్యాసు బండ యుండెను. దానిమీద పాత చీరముక్క కప్పి, దానిపైన పిల్లల పుస్తకములు పెట్టియుండిరి. వంట మూడు రాళ్ల పొయ్యిమీద. కంపచెట్ల కట్టెలు. గది నిండ పొగ. బాలుని తల్లి కన్నులు ఎఱ్ఱగ నుండెను, మాటమాటకు దగ్గుచుండెను. బండ యుండగా కట్టెలేల తల్లీ యని యడిగితిమి. "గ్యాసుకు దుడ్లు గావల్ల అయ్యవారూ. కంపకైతే రెక్కలుంటే సాలు" అనెను. ప్రొద్దున పనికి పోవుటకు ముందే రెండు మైళ్లు నడచి కంప కొట్టి మోపు తెచ్చుకొనునట.

మేము తరగతిలో "మీ యింటిలో కట్టెలకు బదులు మంచు పెట్టుదురా" యని పరిహాసము చేసినది ఎవరినో అప్పుడు తెలిసినది. మా తల్లియు అట్టి పొయ్యి ముందే, ఊదుగొట్టముతో ఊది ఊది, మమ్ము చదివించినది. మేము శిక్షణ ముగించి మొదటి జీతముతో గ్యాసుపొయ్యి కొని యిచ్చునప్పటికి ఆమె యూపిరితిత్తులు చెడియుండెను. ఆ పొయ్యిమీద ఆమె వండినది రెండేండ్లు మాత్రమే. ఈ సంగతిని మేమెన్నడు తరగతిలో చెప్పలేదు.

బయటికి వచ్చి బాలునితో నిజము చెప్పితిమి. "నీవు పదవ తరగతి పరీక్ష వ్రాయులోపల ఆ మంచు రాదు. నీవు పెద్దవాడవైనను వచ్చునో రాదో మాకు తెలియదు. వచ్చినను ఇట్లు బండలలో రాదు. బండలో నున్నది ప్రొపేను, బ్యూటేను అను వేఱు వాయువులు. మీథేను గొట్టముల గుండ పట్టణములకును, ఎరువుల కర్మాగారములకును, విద్యుత్కేంద్రములకును పోవును. మీ యమ్మ కడకు వచ్చినచో కరెంటు రూపమున వచ్చునేమో" అంటిమి. వాడు కొంతసేపు ఊరకుండి, "మళ్ళా మాకెందుకు చెప్పినారు సార్?" అనెను.

ఈ ప్రశ్న యే శిక్షణ కళాశాలలోను మమ్మెవ్వ రడుగలేదు. "నీవు అడిగితివి గనుక" అంటిమి. అది పూర్తి జవాబు కాదని మాకు తెలియును. వానికిని తెలిసియుండును. చేతనైన చిన్న పని యొకటి చేసితిమి. మఱుసటి వారము నలుగురు పెద్ద పిల్లలను తోడు తీసికొని పోయి, ఇంటి వెలుపల పందిరి వేసి, పొయ్యిని అచటికి మార్చితిమి. పొగ గదిలోనుండి ఆకాశమునకు పోయెను. కట్టెల మోపు బరువు మాత్రము తగ్గలేదు.

తల్లిదండ్రులారా, మీలో కొందఱు మమ్ము, ఎన్నడో రానున్న దానికై ఇంత ధనమును ఇంత శ్రమయు నేల యని యడిగితిరి. ఇది న్యాయమైన ప్రశ్న. ముద్దనూరు కడ కడప జిల్లాలోని బొగ్గు విద్యుత్కేంద్రము 1994 నుండి పనిచేయుచున్నది. దూరదేశపు బొగ్గు రైళ్లలో వచ్చును, బూడిద మన పొలముల ప్రక్కనే నిలుచును. మఱియొక వైపు గని, శకునాల గ్రామముల కడ సుమారు 6,000 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2017 లోనే, అనగా మా బాలుడు ప్రశ్న వేసిన యేటనే, పూర్తియైనది. ఏ యెండను మనము తిట్టుకొనుచుంటిమో ఆ యెండయే పంటయైనది. సముద్రపు మంచు సిద్ధమగునప్పటికి దాని యవసరమే యుండదేమో యని తలంచువారు పెద్దలలో గలరు. ఎండ రాత్రివేళ ఉండదు గావున మీథేను తోడు కావలెననువారును గలరు. మే మీ వాదమును తీర్పజాలము. ఒకటి మాత్రము చెప్పగలము. తన గడప ముందు సముద్రము క్రింద నేమున్నదో, సముద్రము వేడెక్కినచో దాని కేమగునో తెలిసికొనుట, దానిని మండించినను మండింపకున్నను, ఒక దేశమునకు కర్తవ్యము. తెలియనిదాని నెదుట నవ్వువాడు తెలిసికొనలేడు. ఇది మేము తొమ్మిదవ తరగతి బాలునివలన నేర్చితిమి.

2025 జనవరిలో సంక్రాంతి సెలవులకు ముందు ఆ బాలుడు, ఇప్పుడు మీసములు వచ్చిన యువకుడు, పాఠశాలకు వచ్చెను. సౌరక్షేత్రములో పలకలమీద దుమ్ము కడుగు పనిలో నున్నాడట. "మా సీమలో నీళ్లకు కరువు, పలకలకు మాత్రం నీళ్లు పోస్తాండాము సార్" అని నవ్వెను. తల్లి యెట్లున్నదని యడిగితిమి. దగ్గు తగ్గలేదనియు, కాని ఇప్పుడు ప్రభుత్వమువారు సంవత్సరమునకు మూడు బండలు ఉచితముగ నిచ్చుటచే, వానల కాలమున కంపకు పోవుట లేదనియు చెప్పెను. పోవునపుడు గుమ్మము కడ నిలిచి, "సార్, ఆ మంచు సంగతి ఏమాయె?" అని యడిగెను.

"ఇంకను రాలేదు నాయనా" అంటిమి. ఈసారి నవ్వినవాడు అతడు. మేము మా పాఠముల పుస్తకము తెరచి, అందులో నతికించియున్న నూనె మరకల కాగితమును చూపితిమి. వాడు దానిని వ్రేలితో తాకి, యేమియు ననక, పనివేళ యగుచున్నదని వెళ్లిపోయెను. ఆ కాగితము ఇంకను అచటనే యున్నది. ప్రతి జూను నెలలోను, మూడు స్థితుల పాఠము చెప్పుటకు ముందు, దాని నొకసారి చదువుకొని తరగతిలో నడుగు పెట్టుచున్నాము.